ఇరవై నాలుగో ఏట గీసిన గీత

"ఫైటర్ పైలట్ కావాలంటే కుర్రతనంలోనే కావాలి. పాతిక దాటాక ఆ ఊసెత్తకూడదు." ఈ మాట మన దగ్గర ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, దానికి రుజువేమిటని అడిగేవాళ్లే లేరు. డిఫెన్స్ కోచింగ్ సెంటర్లలో అదే చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లూ అదే చెబుతారు. సైన్యంలో ముప్పై ఏళ్లు చేసి ఇంటికొచ్చిన మేనమామ దానికి కారణాలు కూడా చేరుస్తాడు: చూపు మందగిస్తుంది, చురుకు తగ్గుతుంది, కొత్త విద్య ఒంటబట్టదు. ఇంజనీరింగ్ చదివి, కొలువులో కుదురుకున్నాక, ఇరవై ఆరో ఏట తన మనసు ఎక్కడుందో తెలుసుకున్న యువకుడికి అందరూ కలిసి ఇచ్చే జవాబు ఒకటే. ఆలస్యమైపోయింది.

ఆ జవాబు తప్పు. వయసుకు పరిమితే ఉండకూడదని ఇక్కడ వాదన కాదు. నలభై అయిదేళ్ల గుమాస్తాను తీసుకొచ్చి సుఖోయ్‌లో కూర్చోబెట్టమని ఎవరూ అడగడం లేదు. కానీ ఇరవై నాలుగు దగ్గర గీసిన గీత మనిషి శరీరం గీసింది కాదు. సర్వీసు ఏళ్ల లెక్క కోసం, పరిపాలన సౌకర్యం కోసం కాగితం మీద గీసుకున్నది. దాన్ని లెక్కగానే చెబితే లెక్కతోనే వాదించవచ్చు. శరీరధర్మమని ప్రచారం చేస్తే మాత్రం, అర్హత ఉన్నవాళ్లు దరఖాస్తు దాకా కూడా రాకుండా ఆగిపోతారు. జరుగుతున్న నష్టం అదే.

ముందు నిబంధన చూద్దాం. ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచిలో చేరాలంటే, కోర్సు మొదలయ్యే నాటికి వయసు 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. అయితే పౌర విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతిలో ఉంటే 26 దాకా సడలింపు ఉంది. ఈ సడలింపు ఒక్కటి చాలు, శరీరధర్మం వాదన కూలిపోవడానికి. లైసెన్సు ఉన్న ఇరవై ఆరేళ్ల వాడి గుండె, కన్ను, మెడ ఎముకలు లైసెన్సు లేని ఇరవై ఆరేళ్ల వాడికంటే చిన్నవి కావు. వాయుసేన అతన్ని తీసుకుంటున్నది అతని శిక్షణలో కొంత భాగం ముందే పూర్తయింది కాబట్టి. అది సమంజసమైన కారణమే. కాకపోతే అది ఖర్చుకూ కాలానికీ సంబంధించిన కారణం. ఒంటికి సంబంధించింది కాదు.

ఇంకో దళం వైపు చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 1986 నవంబరులో ఏర్పడిన ఆర్మీ ఏవియేషన్ కోర్ చాలాకాలం తన పైలట్లను నేరుగా కాలేజీల నుంచి తీసుకోలేదు. ఫిరంగి దళంలోనో, పదాతి దళంలోనో కొన్నేళ్లు పనిచేసిన అధికారుల్లోంచి ఎంచుకుని నాసిక్‌లో హెలికాప్టర్ నేర్పించింది. సైన్యంలో తొలి మహిళా కాంబాట్ ఏవియేటర్ అభిలాషా బరాక్ 2018లో ఎయిర్ డిఫెన్స్ విభాగంలో అధికారిణిగా చేరి, 2022 మేలో రెక్కల బ్యాడ్జి అందుకున్నారు. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు. సియాచిన్‌లో 18,000 అడుగులకు పైన, గాలి పలచబడి ఇంజను శక్తి సగానికి పడిపోయే చోట, అరచేయంత హెలిప్యాడ్ల మీద చీతా హెలికాప్టర్లను దించుతున్నది ఇలా ఆలస్యంగా నేర్చుకున్న అధికారులే. సైన్యానికి ఇరవై ఆరేళ్ల వయసు అడ్డు కానప్పుడు, అదే దేశపు వాయుసేన దగ్గరకు వచ్చేసరికి అది ప్రకృతి నియమం ఎలా అవుతుంది?

ఇక ఒంటి సంగతి. యుద్ధ విమానం పదునైన మలుపు తిరిగినప్పుడు పైలట్ బరువు తొమ్మిది రెట్ల దాకా పెరిగినట్టవుతుంది. రక్తం తలలోంచి కాళ్లలోకి జారుతుంది. చూపు బూడిద రంగులోకి మారి, ఆ పైన చీకటి కమ్ముతుంది. దీన్ని తట్టుకోవడం కుర్రాళ్లకే సాధ్యమని చాలామంది నమ్మకం. వాస్తవంలో ఇక్కడ తేడా తెచ్చేవి గుండెకూ మెదడుకూ మధ్య ఎంత దూరం ఉంది, రక్తపోటు ఎంత, కాళ్లూ పొత్తికడుపూ బిగించి ఊపిరి పట్టే పద్ధతి ఎంత బాగా వచ్చు, ఎంత తరచుగా ఎగురుతున్నాడు అన్నవి. ఈ విషయంలో పొడుగాటి ఇరవై ఏళ్ల కుర్రాడికంటే పొట్టిగా గట్టిగా ఉన్న ముప్పై అయిదేళ్ల మనిషికే సౌకర్యం ఎక్కువ కావచ్చు. మెడ, వెన్నుపూసల అరుగుదల నిజమే. కానీ అది ఏళ్ల తరబడి ఆ ఒత్తిడిలో ఎగరడం వల్ల పోగయ్యేది. కొత్తగా వచ్చిన వాడు ఆ అరుగుదలను మోసుకుని రాడు.

నమ్మకం కుదరని వాళ్లు 1999 వేసవికి వెళ్లాలి. కార్గిల్ యుద్ధంలో 17వ స్క్వాడ్రన్‌కు బి.ఎస్. ధనోవా కమాండింగ్ ఆఫీసరు. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు. రాత్రి వేళ ఆ కొండల మీద మిగ్-21 నడుపుతూ స్వయంగా దాడుల్లో పాల్గొన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, వాయుసేనాధిపతిగా దిగిపోబోతూ 2019 సెప్టెంబరు 2న పఠాన్‌కోట్‌లో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్‌తో కలిసి మళ్లీ మిగ్-21 ఎక్కారు. మరో అయిదు రోజుల్లో ఆయనకు 62 నిండబోతున్నాయి.

అమెరికా వాయుసేనలో రాబిన్ ఓల్డ్స్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1922లో పుట్టిన ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో పంకా విమానాలతో పోరాడాడు. 1966లో వియత్నాం యుద్ధానికి బయలుదేరే ముందు మాత్రమే ఎఫ్-4 ఫాంటమ్ నడపడం నేర్చుకున్నాడు. అది అప్పటి అమెరికా వద్ద ఉన్న అత్యంత సంక్లిష్టమైన ఫైటర్. 1967 జనవరి 2న ఆయన నాయకత్వంలో ఫాంటమ్‌లు బరువైన బాంబర్ల దారిలో, వాటి వేగంతో, వాటి పిలుపు పేర్లతోనే వెళ్లాయి. సులువైన వేట దొరికిందనుకుని పైకి వచ్చిన మిగ్-21లలో ఏడింటిని కూల్చామని అమెరికా ప్రకటించింది. తమవైపు ఒక్కటీ పోలేదు. అందులో ఒక మిగ్ ఓల్డ్స్ కూల్చిందే. అప్పటికి ఆయన వయసు 44. ఆ రోజు గెలిచింది వేళ్ల చురుకు కాదు, ఎదుటివాడి ఆలోచనను ముందే చదివిన అనుభవం.

ఇక్కడ ఎదుటి పక్షం చేతిలో ఉన్న బలమైన ఆధారాన్ని దాచకుండా చెప్పాలి. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో, స్టార్‌క్రాఫ్ట్-2 అనే కంప్యూటర్ యుద్ధ క్రీడ ఆడే 3,305 మంది రికార్డులు పరిశీలించారు. వయసులు 16 నుంచి 44 దాకా. తెర మీద కొత్త దృశ్యం కనబడ్డాక చేయి కదిలించడానికి పట్టే సమయం 24వ ఏట నుంచే మెల్లగా పెరుగుతోందని తేల్చారు. సరిగ్గా 24! వయసు పరిమితిని సమర్థించేవాళ్లకు ఇంతకంటే మంచి సంఖ్య దొరకదు. అయితే అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెప్పింది. వయసు మీరిన ఆటగాళ్లు వ్యూహాన్ని సరళం చేసుకుని, అడ్డదారి మీటలు వాడుకుని, ఆ లోటును పూడ్చుకుంటున్నారు. ఒకే స్థాయి పోటీలో ఇరవై ఏళ్ల వాడూ, ముప్పై అయిదేళ్ల వాడూ పక్కపక్కనే నిలబడగలుగుతున్నారు. చేయి కొంచెం నెమ్మదించినా స్థానం జారలేదు. పైగా నేటి ఆకాశ యుద్ధంలో శత్రువు కంటికి కనబడకముందే క్షిపణి వదలాల్సి వస్తుంది. రాడార్, డేటా లింకు, హెచ్చరిక సాధనాలు ఒకేసారి చెప్పే పది సంగతుల్లో ఏది నిజంగా ముఖ్యమో తేల్చుకోవడమే పైలట్ పనిలో పెద్ద భాగం.

"సరే, ముందే నేర్చుకున్న వాడు నలభైలో ఎగరవచ్చు. కొత్తగా నేర్చుకోవడం మాత్రం కుదరదు" అని వాదన ఇంకో మలుపు తిరుగుతుంది. దీనికి జవాబు చెప్పగల ప్రయోగం ఒకటి అరవై ఏళ్ల కిందటే జరిగింది. దాన్ని ఈ చర్చల్లో ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యం.

అపోలో రోజుల్లో, చంద్రుడి మీదికి పైలట్లను మాత్రమే కాదు, శాస్త్రవేత్తలనూ పంపాలని అమెరికాలో ఒత్తిడి వచ్చింది. నాసా 1965లో ఆరుగురిని, 1967లో పదకొండు మందిని శాస్త్రవేత్త-వ్యోమగాములుగా ఎంపిక చేసింది. అయితే షరతు పెట్టింది. అప్పటికే పైలట్ కాని ప్రతి ఒక్కరూ అమెరికా వాయుసేన జెట్ పైలట్ కోర్సు పూర్తి చేయాలి. ప్రొఫెసర్ల కోసం తేలిక చేసిన కోర్సు కాదది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన లెఫ్టినెంట్లతో పాటు అదే తరగతి గది, అదే రన్‌వే, 53 వారాల శిక్షణ. చిన్న సెస్నాతో మొదలై, టీ-37 మీదుగా, ధ్వనివేగాన్ని దాటే టీ-38తో ముగుస్తుంది. జీవితమంతా రాళ్లనో, నక్షత్రాలనో, రోగులనో చూస్తూ గడిపిన మనుషులను, ముప్పై దాటాక, మిలటరీ పైలట్లుగా మార్చగలరా అన్నది దాదాపు ప్రయోగశాలలో పెట్టినంత స్పష్టంగా పరీక్షకు వచ్చింది.

ఫలితాలు చూడండి. స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు ఓవెన్ గారియట్ 34వ ఏట అరిజోనాలోని విలియమ్స్ స్థావరంలో శిక్షణ మొదలుపెట్టి పూర్తి చేశాడు. ఆయనతో పాటు ఉన్న భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ జెట్ రెక్కలు సంపాదించాక నౌకాదళం దగ్గర హెలికాప్టర్ కూడా నేర్చుకున్నాడు. 1972లో అపోలో-17 లూనార్ మాడ్యూల్ పైలట్‌గా చంద్రుడి మీద దిగాడు. రెండో బృందంలోని భౌతిక శాస్త్రవేత్త జో అలెన్, యేల్‌లో పీహెచ్‌డీ చేసినవాడు, 31వ ఏట తన బ్యాచ్‌లో ఫ్లయింగ్ అవార్డు గెలుచుకున్నాడు. తనకంటే ఎనిమిది, తొమ్మిదేళ్లు చిన్నవాళ్లైన లెఫ్టినెంట్ల మధ్య! వైద్యుడు స్టోరీ మస్‌గ్రేవ్ 33వ ఏట ఆ కోర్సు ముగించి, జీవితంలో మొత్తం 17,700 గంటలు ఎగిరాడు.

అందరిలోకీ ప్రత్యేకించి చెప్పుకోవలసింది కార్ల్ హెనైజ్ గురించి. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1926 అక్టోబరులో పుట్టాడు. ఓక్లహోమాలోని వాన్స్ స్థావరంలో మిలటరీ జెట్ శిక్షణలో అడుగుపెట్టేనాటికి 41 నిండాయి. బయటికొచ్చేనాటికి 42 దాటాయి. పక్కన కూర్చున్న తోటి విద్యార్థులు దాదాపు ఆయన వయసులో సగం ఉన్నవాళ్లు. ఆయన తప్పుకోలేదు. విఫలం కాలేదు. కోర్సు పూర్తి చేశాడు. ఆ బృందంలో శిక్షణ మధ్యలో విమానాలు తనకు సరిపడవని రాజీనామా చేసి వెళ్లిన బ్రయన్ ఓలియరీ వయసు 28. ఆ పదకొండు మందిలో చిన్నవాళ్లలో ఒకడు. ఎగరడంలో ఇబ్బంది వల్ల వెళ్లిపోయిన మరో వ్యక్తి జాన్ లూవెలిన్‌కు 35. అంటే వెళ్లిపోయిన ఇద్దరిలో ఏ ఒక్కరూ అందరికంటే పెద్దవాడు కాదు. అందరికంటే పెద్దవాడు చివరిదాకా ఉన్నాడు. 1985 జూలైలో, 58వ ఏట, చాలెంజర్‌లో అంతరిక్షానికి కూడా వెళ్లొచ్చాడు.

"వాళ్లు వేలమందిలోంచి ఏరిన అసాధారణులు కదా" అంటారు. అవును, ఏరారు. ఈ వ్యాసం కోరుతున్నదీ అదే. మనిషిని పరీక్షించి ఏరండి. పుట్టిన తేదీని చూసి కాదు.

నాసా కంటే ముప్పై ఏళ్ల ముందే అమెరికా నౌకాదళం ఈ పని చేసింది, అదీ ఒక చట్టం బలవంతం మీద. విమాన వాహక నౌకలకు కెప్టెన్‌గా ఉండేవాడు ఏవియేటర్ లేదా అబ్జర్వర్ అయి ఉండాలని 1926లో శాసనం వచ్చింది. దాంతో యుద్ధనౌకల మీద తలపండిన అధికారులు పెన్సకోలాలోని నౌకాదళ వైమానిక పాఠశాలలో విద్యార్థులుగా చేరారు. ఎర్నెస్ట్ కింగ్ 1927లో, 48వ ఏట రెక్కలు సంపాదించాడు. జాన్ మెకెయిన్ సీనియర్‌కు 1936లో వచ్చినప్పుడు 52. విలియం హాల్సీకి అబ్జర్వర్ కోర్సు చేస్తే చాలని చెప్పారు. ఆయన ఒప్పుకోక, పూర్తి పైలట్ కోర్సే చేసి 1935 మే 15న రెక్కలు పెట్టుకున్నాడు. ఆయనకూ 52 ఏళ్లే. వీళ్లెవరూ శత్రు విమానాలను కూల్చలేదు, ఆ పని వాళ్లది కాదు కూడా. కానీ మిలటరీ విమానాన్ని ఒంటరిగా పైకి లేపి కిందికి దించే విద్య యాభైలో కూడా ఒంటబడుతుందని చూపించారు. 1942 ఏప్రిల్‌లో టోక్యో మీద బాంబులు వేసిన దాడికి నౌకలను నడిపించింది ఆ హాల్సీయే. విమానాలను నడిపించిన జిమ్మీ డూలిటిల్‌కు అప్పుడు 45.

నేర్చుకోవడం వేరు, యుద్ధంలో గెలవడం వేరు అనేవాళ్ల కోసం, గాలిలో పోరు పుట్టిన రోజులకు వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున అందరికంటే ఎక్కువ విమానాలు కూల్చినవాడు ఎడ్డీ రికెన్‌బాకర్. లెక్క 26. ఆయన 1890లో పుట్టాడు. కారు పందేల్లో పేరు మోసిన డ్రైవరు. 1917లో సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్లింది అధికారుల కార్లు నడపడానికి. పైలట్ శిక్షణకు అప్పటి అమెరికా పెట్టిన పరిమితి 25 ఏళ్లు. ఆయన ఆ పరిమితి దాటిపోయాడు. వైద్య పరీక్ష కాగితం మీద వయసు తగ్గించి రాస్తే గాని శిక్షణకు దారి తెరుచుకోలేదు. అంటే అమెరికా తన అత్యుత్తమ యోధుణ్ని నిబంధన పాటించి కాదు, దాన్ని తప్పించి సంపాదించుకుంది. ఆ కాగితం మీద నిజమైన అంకె ఉండి ఉంటే రికెన్‌బాకర్ యుద్ధం ముగిసేదాకా కార్లే నడిపేవాడు.

బ్రిటన్ వైపు ఎడ్వర్డ్ మానక్. 1887లో పుట్టాడు. యుద్ధానికి ముందు టెలిఫోను తీగల పని. టర్కీలో పనిచేస్తూ, యుద్ధం రాగానే అక్కడ నిర్బంధంలో చిక్కి, ఆరోగ్యం చెడి 1915లో విడుదలయ్యాడు. 1916 ఆగస్టులో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరేనాటికి 29 ఏళ్లు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో 40వ స్క్వాడ్రన్‌కు వెళ్లాడు. ఆ ఒక్క నెలలోనే బ్రిటిష్ దళం 240కి పైగా విమానాలు పోగొట్టుకుంది. కొద్ది గంటల శిక్షణతో వచ్చిన నూనూగు మీసాల కుర్రాళ్లు వచ్చినవాళ్లు వచ్చినట్టే రాలిపోయారు. మానక్ జాగ్రత్తగా ఎగిరేవాడు. తుపాకీ గురి సరిచూసుకునేవాడు. ఆ జాగ్రత్త చూసి తోటివాళ్లలో కొందరు పిరికివాడని అనుకున్నారు. 1917 మే 7న ఆయనకు తొలి విజయం దక్కింది, ఒక జర్మన్ పరిశీలక బెలూన్. అదే రోజు బ్రిటన్ ఆరాధించిన ఆల్బర్ట్ బాల్ చనిపోయాడు. బాల్ 44 విజయాలు సాధించినవాడు, వయసు 20. ఒంటరిగా శత్రువుల మధ్యకు దూసుకెళ్లడం అతని పద్ధతి.

మానక్ పద్ధతి వేరు. ఎత్తు, ఎండ, సంఖ్యాబలం తనవైపు ఉంటేనే దాడి. కొత్తగా వచ్చిన కుర్రాణ్ని పక్కన పెట్టుకుని, శత్రు విమానాన్ని తాను దెబ్బతీసి, చివరి తూటాలు అతనిచేత కాల్పించి, విజయం అతని పేర రాయించేవాడు. అందుకే ఆయన అసలు లెక్క ఎంతో తేలదు. అధికారికంగా 61. చనిపోయేనాటికి, 1918 జూలై 26న, 31 ఏళ్లు. ఆ ఉదయం కూడా డొనాల్డ్ ఇంగ్లిస్ అనే కొత్త పైలట్‌కు తొలి విజయం ఇప్పించడానికే వెళ్లాడు. ఈ ఓపిక, ఈ బాధ్యత ఆలస్యంగా వచ్చినందువల్ల లోపించిన గుణాలు కావు. ఆలస్యంగా వచ్చినందువల్లే ఆయన వెంట తెచ్చుకున్నవి.

మానక్ 1918లో ఫ్లయిట్ కమాండరుగా పనిచేసిన 74వ స్క్వాడ్రన్‌నే 1940 ఆగస్టులో ఇంకో ఆలస్యపు పైలట్ అందుకున్నాడు. దక్షిణాఫ్రికాకు చెందిన అడాల్ఫ్ మలాన్ 1910లో పుట్టి, ఏళ్ల తరబడి వ్యాపార నౌకల మీద పనిచేసి, పాతికేళ్లు నిండే వేళ రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు వచ్చాడు. తోటివాళ్లు 'సెయిలర్' అని పిలిచేది అందుకే. బ్రిటన్ యుద్ధంలో అతని స్క్వాడ్రన్‌లో ఇరవై, ఇరవై ఒక్కేళ్ల వాళ్లే ఎక్కువ. పుస్తకాల్లో ఉన్న మూడు విమానాల బిగువు వరుసలను పక్కనబెట్టి నాలుగేసి విమానాలుగా ఎగరడం నేర్పాడు. ఆకాశ పోరాటానికి ఆయన రాసిన పది నియమాలు బ్రిటిష్ స్థావరాల గోడలకెక్కాయి. 27 విమానాలు కూల్చాక, 1941లో, తాను అలసిపోయానని తనే గ్రహించి యుద్ధ విధుల నుంచి తప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల వాడికి ఆ ఎరుక అంత సులువుగా రాదు.

మన దేశంలోనూ ఈ పుట ఖాళీగా లేదు. 1906లో రావల్పిండిలో పుట్టిన మన్‌మోహన్ సింగ్ 1930లో ఇంగ్లండు నుంచి భారత్‌కు ఒంటరిగా ఎగిరొచ్చిన పౌర వైమానికుడు. రెండో ప్రపంచ యుద్ధంలో, ముప్పై దాటాక, ఇండియన్ ఎయిర్ ఫోర్స్ వాలంటీర్ రిజర్వ్‌లో చేరి, కాటలీనా జల విమానానికి కెప్టెన్ అయ్యాడు. 1942 మార్చి 3న ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవులో జపాన్ దాడిలో ప్రాణం విడిచాడు. అప్పటికి 35 ఏళ్లు. ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో, వయసు వల్లో అవయవ లోపం వల్లో వాయుసేన వద్దన్న పైలట్లు ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీగా ఏర్పడి, స్పిట్‌ఫైర్లతో సహా 147 రకాల విమానాలను ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకు చేర్చారు. మొత్తం మూడు లక్షలకు పైగా!

మరి కుర్రాళ్లే కావాలన్న పట్టు ఎందుకు? కారణాలు మూటగట్టి దాచాల్సినంత రహస్యమేమీ కాదు. చిన్న వయసులో వచ్చినవాడు ఎక్కువ ఏళ్లు పనికొస్తాడు. పెళ్లీ పిల్లలూ లేనివాణ్ని ఎక్కడికైనా పంపవచ్చు. మన వాయుసేన కూడా 25 నిండని అభ్యర్థి అవివాహితుడిగానే ఉండాలని నియమం పెట్టింది. పదోన్నతుల మెట్లన్నీ ఒకే వయసు బ్యాచ్‌లను మనసులో పెట్టుకుని కట్టినవి. ఎదురు ప్రశ్న వేయని వయసులో మనిషిని తమ అచ్చులో పోసుకోవడం సంస్థకు తేలిక. ఇవన్నీ ఒక సైనిక సంస్థ న్యాయంగానే ఆలోచించే విషయాలు. అయితే వీటిలో ఏ ఒక్కదానికీ కంటి చూపుతో, వేళ్ల చురుకుతో సంబంధం లేదు.

ఆ లెక్కనే లెక్కగా చూస్తే ఏం తేలుతుంది? ఏఎఫ్‌క్యాట్ ద్వారా వచ్చే పైలట్లకు దక్కేది షార్ట్ సర్వీస్ కమిషన్. అది 14 ఏళ్లు. శిక్షణ ఏడాదికి పైనే. ఇరవై నాలుగో ఏట చేరినవాడు నలభై నిండే సమయానికి ఇంటికి వస్తాడు. ఇరవై ఎనిమిదిలో చేరితే నలభై మూడు, నలభై నాలుగుకు వస్తాడు. ముప్పైలో చేరితే నలభై అయిదు, నలభై ఆరుకు. ధనోవా నలభై ఒకటిలో కార్గిల్ మీద ఎగిరారు. ఓల్డ్స్ నలభై నాలుగులో హనోయ్ మీద ఎగిరాడు. అంటే ముప్పై దాకా తలుపు తెరిచినా, ప్రభుత్వం ఆ పద్నాలుగేళ్లలో ఒక్క ఏడూ నష్టపోదు. రవాణా విమానాలు, హెలికాప్టర్ల విషయమైతే అసలు చర్చే అక్కర్లేదు.

అమెరికా ఈ లెక్క వేసుకుంది. వాయుసేన పైలట్ శిక్షణకు 30 ఏళ్లుగా ఉన్న గరిష్ఠ వయసును కొన్నేళ్ల కిందట 33కు పెంచింది. సైన్యం తన హెలికాప్టర్ వారెంట్ ఆఫీసర్లను దాదాపు అదే వయసు దాకా, మునుపు సైన్యం ముఖమే చూడని పౌరుల్లోంచి కూడా తీసుకుంటుంది. రెక్కలు వచ్చాక వాయుసేన పైలట్ పదేళ్లు పనిచేయాలన్నది అక్కడి షరతు. అంటే నలభై అయిదు దాకా ఎగిరే మనిషి వాళ్లకు సమ్మతమే. ప్రపంచంలోనే అతి పెద్ద వాయుసేన అది. ఉదారతతో చేసిన పని కాదు, పైలట్లు చాలక చేసిన పని. కొరత వచ్చినప్పుడు గీత జరిగిందంటే, ఆ గీత ఒంట్లో లేదని ఒప్పుకున్నట్టే.

శరీరం పేరు చెప్పి గీసిన గీత ఒకటి మన కళ్లముందే చెరిగిపోయింది. స్త్రీలు ఫైటర్లు నడపలేరని దశాబ్దాల పాటు కారణాలు చెప్పారు. 2015లో ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. 2016 జూన్ 18న హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ కమిషన్ అందుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలో స్త్రీల శరీరం మారలేదు. కాగితం మారింది.

ఇదే దుండిగల్‌కు గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల నుంచి గంట ప్రయాణం. తెలుగునాట పదో తరగతి నుంచే పిల్లల దారి ఖరారైపోతుంది: ఇంటర్ ఎంపీసీ, ఈఏపీసెట్, నాలుగేళ్ల బీటెక్, క్యాంపస్ ఉద్యోగం. ఎన్‌డీఏ పరీక్ష రాయాల్సిన పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య కాలమంతా ఆ హాస్టల్ గదుల్లోనే గడిచిపోతుంది. ఊళ్లో సైనికుడు లేని ఇంట్లో పుట్టిన పిల్లకు, ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష ఉందని తెలిసేసరికే ఇరవై మూడు. ఇంటి అప్పు తీరి, తమ్ముడి చదువు అయ్యి, తనకోసం తను ఆలోచించుకునే వీలు దొరికేసరికి ఇరవై ఏడు. చిన్నప్పటి నుంచీ కంటోన్మెంట్లో పెరిగిన పిల్లలకు ఈ చిక్కు లేదు. కాబట్టి ఇరవై నాలుగు అన్న గీత అందరికీ ఒకేలా తగలదు. దారి ముందే తెలిసిన ఇళ్లకు అది చాలు. తెలియని ఇళ్లకే అది గోడ.

దానికి తోడు ఇంకో నియమం. పైలట్‌గా పనికొస్తారో లేదో తేల్చే సీపీఎస్ఎస్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఇరవై ఏళ్ల వయసులో ఒక ఉదయం చేయి వణికితే, ఫ్లయింగ్ బ్రాంచి తలుపు శాశ్వతంగా మూసుకున్నట్టే. మనిషి ముప్పై దాకా మారుతూనే ఉంటాడని మానక్, రికెన్‌బాకర్ల జీవితాలు చెబుతున్నప్పుడు, ఇంత తొందరగా అంత ఆఖరి తీర్పు ఇవ్వడం అన్యాయం. కనీసం అయిదేళ్ల తర్వాత రెండో అవకాశం ఇవ్వాలి.

కోరేది పెద్దదేమీ కాదు. పట్టభద్రులందరికీ ఫ్లయింగ్ బ్రాంచి గరిష్ఠ వయసును 30కి పెంచాలి. సీపీఎస్ఎస్ అదే ఉండాలి. బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ వైద్య పరీక్షల్లో ఇసుమంతైనా సడలింపు వద్దు. గిరగిర తిప్పి ఆ ఒత్తిడిని పరీక్షించే సెంట్రిఫ్యూజ్‌లో తల వాలిపోతే ఇరవై ఒక్కేళ్ల వాణ్ని పంపించినట్టే ఇరవై తొమ్మిదేళ్ల వాణ్నీ పంపించాలి. వయసు పైబడ్డ వాళ్లలో నేర్చుకోవడానికి ఎక్కువ గంటలు అవసరమయ్యేవాళ్లు ఉంటారు, కుటుంబ బాధ్యతలతో మధ్యలో తప్పుకునేవాళ్లూ ఉంటారు. నలభై దగ్గరపడుతుంటే దగ్గరి అక్షరాలు మసకబారడమూ సహజమే. అందుకే అర్హుల సంఖ్య ఇరవై ఏళ్ల వాళ్లలో ఉన్నంత ఉండకపోవచ్చు. అది పరీక్ష తేల్చాల్సిన విషయం.

చివరిగా వినిపించే అభ్యంతరం సీట్లది. ముప్పై ఏళ్ల వాడు చేరితే ఇరవై ఏళ్ల వాడి అవకాశం పోతుందంటారు. సీట్లు నిండిపోతుంటే అది ఆలోచించాల్సిన మాటే. కాగ్ నివేదిక ప్రకారం 2015 ఫిబ్రవరిలో వాయుసేనకు 486 మంది పైలట్లు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి 2016 నుంచి 2021 దాకా ఏటా 222 మందిని శిక్షణకు తీసుకోవాలని అనుకున్నారు. అంతమందిని తీసుకోలేకపోయారు. శిక్షణ విమానాల ఇబ్బందులూ అదే నివేదికలో ఉన్నాయి కాబట్టి, నెపమంతా వయసు పరిమితి మీద వేయడం సరికాదు. కానీ 2021 చివరికి కొరత తగ్గకపోగా 596కు పెరిగింది. ఆ 596 ఖాళీల్లో ఒక్కటి ఇరవై తొమ్మిదేళ్ల అర్హురాలికి ఇస్తే, ఏ ఇరవై ఏళ్ల కుర్రాడి అవకాశం పోతుందో అభ్యంతరం చెప్పేవాళ్లు చూపించాలి.